పుటం పెట్టని కంటె

నా కలంపెట్టెలో ఒక చిన్న బంగారు రేకు ఉంది. చింతగింజలో సగం ఉంటుంది. దాని మీద కార్జం రంగులో, పగుళ్ళతో, మాడిపోయిన గాజు పెచ్చు అంటుకుని ఉంటుంది. మొన్న మా బడిలో ఒక పిల్ల దాన్ని వేలితో తడిమి, "ఇది పాడైపోయింది కదండీ పంతులమ్మగారూ, ఎందుకు దాచుకున్నారు?" అని అడిగింది. నేను ఎప్పటిలాగే నవ్వి ఊరుకున్నాను. మాట్లాడడం కంటే రాయడం నాకు సులువు. అందుకని అమ్మాయిలూ, ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. తీరిగ్గా చదువుకోండి.

ఈ బడికి రాకముందు నేను మీనా పని చేసేదాన్ని. బంగారం మీదో వెండి మీదో గాజును కరిగించి రంగులు పొదగడం మీనా పని. నా వయసు ఆడపిల్ల "నేను పని చేసిన రోజుల్లో" అని మొదలుపెడితే మా ఇంట్లో పెద్దవాళ్ళు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంటారు. పెట్టుకోనివ్వండి. లంగా కట్టుకునే వయసులో కొలిమి పక్కన కూర్చున్నాను, ఆ కొలిమి చల్లారినప్పుడు లేచాను. పని నన్ను వదిలిపెట్టింది కాబట్టి, తల నెరవకపోయినా నేను పని నుంచి విరమించినదాన్నే.

మాది రాజమహేంద్రవరంలో కంసాలి ఇల్లు. వీధి అరుగు మీద నాన్నగారి నగల పని, పెరటి వసారాలో పెదనాన్న మీనా కొలిమి. పెదనాన్న చిన్నతనంలో హైదరాబాదు వెళ్ళి ఆ విద్య నేర్చుకుని వచ్చారు. మా వైపు ఆ పని చేసేవాళ్ళు అరుదు. నేను చేసేది మొదట్లో నూరడం. గాజు ముక్కను రాతి కల్వంలో వేసి, నీళ్ళు పోసి, మెత్తగా నూరాలి. పైకి తేలిన పాలలాంటి నీళ్ళు వంచెయ్యాలి. మళ్ళీ నూరాలి, మళ్ళీ వంచాలి. నీళ్ళు తేటగా నిలిచేదాకా ఇదే పని. ఇలాంటి పనికి నోరు అక్కర్లేదు కనుక నాకు బాగా నచ్చింది. వారానికోసారి మిషను దొరసాని మా వీధికి వచ్చి ఆడపిల్లలకి చదువు చెప్పేది. ఆవిడ ఇచ్చిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నూరేదాన్ని. పుస్తకాల అంచులన్నిటికీ రంగులు అంటుకుని ఉండేవి.

పెదనాన్న చేతులు వణకడం మొదలైన తరువాత రంగులు పెట్టే పని కూడా నాకే వచ్చింది. బంగారంలో ఆయన చెక్కిన గుంటల్లో తడి గాజుపొడిని ఈకమొనతో నింపేదాన్ని. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. గిరాకీలు వస్తే నేను తలుపు వెనక్కి వెళ్ళిపోవాలి. నిజం చెప్పాలంటే ఎవరూ వెళ్ళమనకపోయినా వెళ్ళేదాన్ని.

రంగులన్నీ ఒకేసారి కొలిమిలోకి వెళ్ళవు. ఎక్కువ వేడికి ఓర్చుకునే తెలుపు ముందు, తరువాత నీలం, ఆకుపచ్చ, అన్నిటికీ చివర ఎరుపు. "ఎరుపు వియ్యపురాలే అమ్మా," అనేవారు పెదనాన్న. "పంక్తిలో అందరూ కూర్చున్నాక పిలవాలి. కూర్చోగానే వడ్డించాలి. కాస్త వేడెక్కిందా, విస్తరి వదిలి లేచిపోద్ది." ఆ ఎరుపు గాజు హైదరాబాదు నుంచి ఆయన తెచ్చుకున్నదే. తెచ్చినప్పుడు నిమ్మకాయంత ఉండేదట. నేను చూసేసరికి రేగుపండంత మిగిలింది.

ఆ ఏడు మాఘమాసంలో మండపేట వైపు నుంచి ఒక రైతు కుటుంబం కాలవ మీద పడవలో మా ఊరు వచ్చింది. పెద్ద భూస్థితి గల వాళ్ళు. వచ్చింది ఒక ముసలావిడ, ఆవిడకి వరసకి మరిది అయ్యే ఆయన. ఊళ్ళో చుట్టాలింట్లో దిగారు. ఆవిడ అత్తగారు పోతూ పోతూ ఒక మొక్కు అప్పజెప్పిందట: తన మెడలోని కంటె కరిగించి కోరుకొండ నరసింహస్వామికి తిరునామం చేయించాలని. రెండు వైపులా తెల్లటి గీతలు, నడుమ ఎర్రటి గీత. అన్నీ మీనా పనిలోనే కావాలి, పసుపూ సున్నమూ లాగా కడిగితే పోకూడదు. ఫాల్గుణంలో స్వామి కల్యాణం నాటికి అది కొండ మీద ఉండాలి.

మీరు పుట్టి పెరిగిన ఇళ్ళలో కూడా ఈ ఆచారం ఉండే ఉంటుంది: బంగారం కరిగించేటప్పుడు ఇచ్చినవాళ్ళు కొలిమి ముందు కూర్చుని చూస్తారు. కంసాలి మీద నమ్మకం అంతటిది! ఆ మరిదిగారు పీట లాక్కుని, చేతులు కట్టుకుని, బంగారం కరిగే మూస మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చున్నారు.

"ఏంటయ్యా, ఇంత బరువు కంటె నీ చేతిలో పెడుతున్నాం. మా పెద్దమ్మ కంటె ఇది. నామం తూచినప్పుడు ఒక్క గురిగింజెత్తు తగ్గినా ఊరుకునేది లేదు," అన్నారు.

ఆవిడ కొంగు సర్దుకుంటూ, "ఆయన పెద్దమనిషి, ఎందుకలా అంటారు?" అంది.

"పెద్దమనుషుల్ని చాలామందిని చూశానండి వదినగారూ."

నాన్నగారి చెవులు ఎర్రబడడం తలుపు సందులోంచి నాకు కనిపించింది. "తగ్గదండి," అన్నారాయన. "ఇచ్చినంతా ఇస్తాను."

ఆ మాటతోనే మా కష్టం మొదలైంది. వాళ్ళు వెళ్ళాక పెదనాన్న కరిగిన కడ్డీని గీటురాయి మీద గీశారు. గీత కాస్త ఎర్రగా వచ్చింది. బంగారంలో రాగి ఉంది.

"పుటం పెట్టాలిరా," అన్నారు పెదనాన్న. బంగారాన్ని రేకులుగా సాగగొట్టి, ఇటుక పొడీ ఉప్పూ కలిపి మధ్య మధ్యన పరిచి, పిడకల మంటలో కాల్చడాన్ని పుటం అంటారు. లోపలున్న మురికి ఆ పొడిలోకి పోతుంది, మిగిలింది మేలిమి. కానీ మిగిలేది తక్కువ.

"పెడితే తరుగుతుంది అన్నయ్యా. తరిగితే నన్ను దొంగంటాడు."

"కల్తీ ఉందని చెప్పు."

"దొంగ కంసాలి ప్రతివాడూ చెప్పే మాటే కదా అది! నేనూ చెప్పాలా?"

పెదనాన్న గీటురాయి తుడిచి పక్కన పెట్టేశారు. నేను కల్వంలో గాజు నూరుతూనే ఉన్నాను. నిజాయితీగా ఉన్నామని పదిమందికీ కనిపించాలన్న పట్టుదలతో నాన్నగారు రాగితో సహా ఆ బంగారాన్ని గింజ తగ్గకుండా నామంగా మలిచారు. ఆ తప్పు మాలాంటి ఇళ్ళలో తప్ప ఇంకెక్కడా జరగదు. దొంగ అనిపించుకుంటాననే భయం దొంగతనం చేసేవాడికి ఉండదు, మరీ ధైర్యం ఉన్నవాడికీ ఉండదు.

పెదనాన్న వణికే చేతిని ఇంకో చేత్తో పట్టుకుని గుంటలు చెక్కారు. నేను తెలుపు నింపాను. కొలిమిలోంచి తీస్తే పక్క గీతలు రెండూ మల్లెమొగ్గల్లా నిలిచాయి. తెలుపు చిక్కటి రంగు, అడుగున ఏముందో పైకి తెలియనివ్వదు. ఎరుపు అలా కాదు. అది అద్దంలాంటిది, అడుగున బంగారం మెరిస్తేనే ఎర్రగా ఉంటుంది. రేగుపండులో సగం నూరి నడిమి గీత నింపాను. అభ్రకం పలక మీద నామాన్ని పెట్టి పెదనాన్న లోపలికి తోశారు. బయటికి తీసినప్పుడు నల్లగా ఉంది. దానికి మేం కంగారు పడలేదు. ఆ ఎరుపు వేడిగా ఉన్నంతసేపు నల్లగానే ఉంటుంది, చల్లారుతూ చల్లారుతూ ఎర్రబడుతుంది. ముగ్గురం చుట్టూ కూర్చుని చూస్తున్నాం. ఎర్రబడలేదు. కార్జం రంగు దగ్గర ఆగిపోయింది. తరువాత టిక్కుమని చిన్న శబ్దం వచ్చింది, ఇంకొకటి, ఇంకొకటి. గీత పొడవునా గాజు పగిలి పెచ్చులుగా లేచిపోయింది.

నాన్నగారు లేచి వెళ్ళి బావి దగ్గర నిలబడ్డారు. చాలాసేపటికి వచ్చి, "ఎరుపు ఇంకెంత ఉంది?" అన్నారు.

"ఒక్క నామానికి. అది కూడా మేలిమి అయితేనే," అన్నారు పెదనాన్న.

అంటే పుటం పెట్టక తప్పదు. పెడితే తరుగు తప్పదు. తరిగితే మండపేట నుంచి రాజమహేంద్రవరం దాకా కాలవ పొడుగునా నాన్నగారి పేరు దొంగల జాబితాలోకి ఎక్కుతుంది. పెట్టకపోతే మొక్కు తీరదు. ముందే చెప్పాలి, నమ్మేలా చెప్పాలి. మరిదిగారికి చెప్పి లాభం లేదు. చెప్పాల్సింది ఆవిడకి. ఆవిడ ఉన్నది చుట్టాలింటి లోపలి గదుల్లో, అక్కడికి మగవాళ్ళు వెళ్ళరు. అమ్మకి ఈ రంగుల సంగతి ఏమీ తెలియదు. నాన్నగారు, పెదనాన్న ఒకేసారి నా వైపు చూశారు.

"నేనా?" అన్నాను. ఆ రోజు నా దినచర్య పుస్తకంలో నేను రాసుకున్నదల్లా ఆ ఒక్క మాటే.

వెళ్ళే దారంతా పుస్తకాల్లో చదివిన వాక్యాలు పేర్చుకున్నాను. "ఆర్యురాలా, మీకొక విన్నపము" అని మొదలుపెట్టాలనుకున్నాను. ఆవిడ లోపలి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎదురుగా నిలబడగానే ఆ వాక్యాలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"ఎవరమ్మాయివే? కంసాలి వారి పిల్లవా? కూర్చో. ఏంటలా మాట నోట్లోనే నానబెడుతున్నావు, పప్పా అది?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. నేను కూర్చుని, చేతులకి ఏదో ఒక పని ఉంటే తప్ప నోరు రాదనిపించి, ఆవిడ ముందున్న చిక్కుడుకాయ ఒకటి తీసుకుని ఈనె తీశాను. ఆ తరువాత నామం పగిలిందని చెప్పాను. మూడో కాయకి ఎరుపు ఎందుకు నిలవలేదో చెప్పాను. ఇంకో కాయ తీసుకుని, ఆవిడ వైపు చూడకుండా, "కంటెలో రాగి ఉందండి," అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. అత్తగారి బంగారం గురించి ఒక ఇంటి కోడలితో అలా అన్నవాళ్ళు ఎవరూ ఉండరు.

"మా అత్తగారి కంటెలోనా?" అందావిడ.

"అవునండి."

"మీ నాన్న చెప్పమన్నాడా?"

"చెప్పమన్నారండి. కానీ రంగు పెట్టింది నేను. పగిలింది నేను చూశాను."

"నువ్వా రంగు పెట్టేది!" ఆవిడ నా గోళ్ళ వైపు చూసింది. వాటి కింద తెలుపూ ఎరుపూ ఇంకా ఉన్నాయి.  తరువాత మెడ దగ్గర చెయ్యి పెట్టి, రైక కిందనుంచి సన్నటి అడ్డిగ ఒకటి పైకి లాగింది. అరిగి అరిగి దారంలా అయిపోయిన నగ.

"ఇది మా పుట్టింటి వాళ్ళు పెట్టింది. నేను కాపరానికి వచ్చిన రోజు మా అత్తగారు దీన్ని వేలితో ఇలా ఎత్తి చూసి, 'ఇది రాగి బంగారం, నా నగల పెట్టెలో పెట్టకు, వాటికి మైల అంటుకుంటుంది' అంది. నలుగురిలో అంది. ఆవిడ పోయేదాకా దీన్ని నేను వంటింట్లో తప్ప పైకి కనపడేలా వేసుకోలేదు." ఆవిడ గొంతులో ఏడుపేమీ లేదు, నవ్వు లాంటిదే ఉంది. "నీ ఎరుపు ఆ రాగిని పట్టుకుందన్నావు కదా. దీంట్లో రాగిని కూడా పట్టుకుంటుందేమో చూద్దాం పద."

ఆవిడ గూడుబండిలో మా ఇంటికి వచ్చింది, అరుగు మీద ఆగకుండా తిన్నగా పెరటి వసారాలోకే. వెనకాలే మరిదిగారు. "వదినగారూ, వీళ్ళ మాటలు నమ్మి ఇల్లు దాటి వచ్చారా! రేపు మీ అడ్డిగ కూడా తరిగిందంటారు చూడండి," అంటూనే ఉన్నారు.

"తరిగితే తరిగిందయ్యా. నువ్వు పీట వేసుకుని కూర్చో. చూడ్డం నీకు బాగా వచ్చు కదా."

నాన్నగారు అందరి ఎదుటా కంటె బంగారంలోంచి చిన్న రేకు, అడ్డిగ కొసలోంచి చిన్న రేకు కోశారు. గీటురాయి తీస్తే కంసాలి చెప్పిందే లెక్క అవుతుంది, అందుకని తియ్యలేదు. రెండు రేకుల మీదా ఎరుపు పెట్టడానికి పెదనాన్న ఈక అందుకున్నారు. ఆయన చెయ్యి వణికింది. ఆవిడ, "అమ్మాయిని పెట్టనివ్వండి," అంది. మొట్టమొదటిసారి పరాయివాళ్ళు చూస్తుండగా రంగు పెట్టాను. మరిదిగారు నా భుజం మీదుగా వంగి చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. చిత్రం, చెయ్యి వణకలేదు. మాట్లాడవలసింది అప్పటికే మాట్లాడేశాను కదా, ఇక భయపడేందుకు ఏమీ మిగల్లేదు.

రెండు రేకులూ ఒకే పలక మీద లోపలికి వెళ్ళాయి, ఒకేసారి బయటికి వచ్చాయి. రెండూ నల్లగా ఉన్నాయి.

"చూశారా," అన్నారు మరిదిగారు, ఉత్సాహంగా. "రెండూ మాడ్చేశారు."

"కొంచెం ఆగండి," అన్నాను. ఆ మాట నేనే అన్నానని తరువాత గానీ నాకు తెలియలేదు.

ఒక రేకు అలాగే ఉండిపోయింది. రెండోదాని అంచున మొదట గోధుమరంగు, తరువాత కుంకుడుకాయ రంగు, అక్కడినుంచి లోపల ఎవరో దీపం పెట్టినట్టు ఎరుపు నడిమికి పాకింది. దానిమ్మగింజలా అయింది. మొదటి రేకు టిక్కుమంది.

"ఏది ఎవరిదయ్యా?" అని అడిగింది ఆవిడ, తెలిసే.

మరిదిగారు వంగి చూశారు. కోసినప్పుడు రేకుల్ని చూస్తూ ఉన్నది ఆయనే, తప్పించుకునే దారి లేదు. "ఎర్రది మీదండి," అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కాసేపటికి తనే, "అయితే ఇంకేంటి వదినగారూ, మీ అడ్డిగతోనే చేయించెయ్యండి. కంటె సంగతి ఎవరికీ చెప్పొద్దు," అన్నారు.

నాకైతే అదే న్యాయం అనిపించింది. పుస్తకాల్లో అయితే కథ అక్కడ ముగిసేది కూడా.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మొక్కు ఆవిడది. ఆవిడ బంగారమే కొండెక్కాలి. పుటం పెట్టండి. తరిగినంతకీ ఇది కలపండి, మా మరిది గురిగింజ లెక్క తప్పకుండా ఉంటది." అడ్డిగ తీసి నాన్నగారి చేతిలో పెట్టింది. మెడ మీద అది ఒరుసుకున్న చోట చర్మం తెల్లటి గీతలా కనిపించింది.

పాత నామం విరగ్గొట్టి గాజు రాల్చి, నాన్నగారు పుటం పెట్టారు. ఎంత తరగాలో అంతా తరిగింది. ఇటుక పొడి మొత్తం గుడ్డలో మూటగట్టి మరిదిగారికి అందించి, "ఇదిగోండి బాబూ, మీ కంటెలోంచి పోయిందల్లా ఇందులోనే ఉంది. తీసుకెళ్ళండి," అన్నారు. ఎన్నాళ్ళ తరువాతో నాన్నగారు నవ్వగా చూశాను. మరిదిగారు నిజంగానే ఆ మూటని ఒళ్ళో పెట్టుకున్నారు.

మేలిమి మూసలో కరుగుతుంటే ఆవిడ తన అడ్డిగనూ ఎర్రటి రేకునూ తన చేత్తోనే అందులో వేసింది. వంగి లోపలికి చూస్తూ, ఎవరితోనో కబుర్లాడుతున్నట్టు, "పెట్టెలో పక్కన ఉండనివ్వలేదు. ఇప్పుడెక్కడికి జరుగుతారు?" అంది.

నల్లటి రేకు మిగిలింది. నాన్నగారు దాన్ని కూడా తూచి ఇవ్వబోయారు. ఆవిడ తీసుకుని నా అరచేతిలో పెట్టి మూసింది. "నువ్వుంచుకోవే. నా దగ్గరుంటే రోజూ తీసి చూసుకుంటాను. ఈ వయసులో పొగరొస్తే బాగోదు." అమ్మాయిలూ, పాడైపోయినదాన్ని ఎందుకు దాచుకున్నానని అడిగారు కదా, అందుకు.

మిగిలిన ఎరుపు అంతా నూరి నడిమి గీత నింపాను. కల్వం కడిగిన నీళ్ళు కూడా పారబోయకుండా తేర్చి వాడాను. ఈసారి ఏ శబ్దమూ రాలేదు. మళ్ళీ అలాంటి ఎరుపు మా ఇంటికి రాలేదు. పెదనాన్న పోయాక తెలుపూ నీలమూ కూడా రావడం మానేశాయి.

కల్యాణం నాడు మమ్మల్ని కూడా కొండకి రమ్మని ఆవిడ కబురు పంపింది. మెట్లెక్కలేని ఆవిణ్ణి డోలీలో మోసుకొచ్చారు. చూపు అప్పటికే మందగించిందట, ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది. హారతి వెలుగు నామం మీద పడినప్పుడు జనమంతా గోవిందా అన్నారు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ముందుకి జరిగి, కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. పూజారి మళ్ళీ ఒకసారి హారతి ఎత్తారు. నా ప్రాణం నా గోళ్ళలో ఉంది.

"కనిపిస్తోందాండీ?" అని అడిగాను.

"కనిపిస్తోంది. బావుంది," అందావిడ. తరువాత నా చెవి దగ్గరికి వంగి, గుళ్ళో అనకూడని మాటేదో అంటున్నట్టు గొంతు తగ్గించి, "మా అత్తగారే చూస్తే మాత్రం, నడిమి గీతలో రాగి ఎక్కువైందనేది," అంది.